కౌలు కాగితం: డెల్టా సాగుదారుకు చట్టం ఇచ్చినదేమిటి, అందనిదేమిటి

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు గోదావరి డెల్టాలో మా పెదనాన్న కౌలుకు చేస్తున్న మూడెకరాల సార్వా (ఖరీఫ్) వరి కోసి పనల మీద ఉంది. వాన వెలిసి, చేలో నీరు తీసేసరికి వెన్నులోనే గింజ మొలకెత్తింది. ఆయన ఒక పన ఎత్తి గట్టు మీద విదిలిస్తే, తెల్లటి మొలకలు చిక్కుపడి గింజలు ముద్దలుగా రాలాయి. వారం తరువాత నష్టం రాసుకునేవారు వచ్చి ఊరి జాబితా చదివితే, ఆ మూడెకరాలకు ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఉన్న పేరు హైదరాబాదులో ఉంటున్న భూమి యజమానిది. సాయం ఆయన ఖాతాలోనే పడింది. పెదనాన్న ఫోను చేసి అడిగితే ఆయన ఇవ్వననలేదు, ఇవ్వనూ లేదు.

ఆయన చెడ్డవారని నేను రాయడం లేదు. ఏటా మే నెలలో కౌలు మాట్లాడుకునేటప్పుడు పెదనాన్న, "బాబుగారూ, ఒక కాగితం రాసుకుందామండి" అని అడగడమూ, "మనలో మనకు కాగితాలెందుకురా, నీ మాట మీద నాకు నమ్మకం లేదా?" అని ఆయన అనడమూ నేను చిన్నప్పటినుంచీ విన్నవే. ఆ మాటలో ఆప్యాయత ఉంది, దాని వెనుక ఒక భయం కూడా ఉంది. ఆ భయం ఎక్కడ పుట్టింది, నేటి చట్టంలో దానికి ఆధారం ఉందా, కాగితం లేకపోవడం వల్ల సాగుదారు ఖచ్చితంగా ఏమేమి పోగొట్టుకుంటున్నాడు అన్నదే ఈ వ్యాసం విషయం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటినుంచీ ఈ నేలకు విలువ పెరుగుతూనే ఉంది. భూమి గల కుటుంబాలు రాజమండ్రికో, హైదరాబాదుకో, అమెరికాకో వెళ్ళినా భూమిని అమ్ముకోలేదు. సాగును మాత్రం ఊళ్ళో ఉన్నవారికి వదిలారు. ఇక్కడ ఎక్కువగా నడిచేది మక్తా పద్ధతి, అంటే పంట పండినా ఎండినా ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే తేల్చుకునే కౌలు. పంటను పంచుకునే పాలు పద్ధతి అక్కడక్కడా మిగిలింది. ఉదాహరణకు ఎకరాకు పదిహేను బస్తాల మక్తా అనుకుందాం. బస్తా 75 కిలోలు కాబట్టి అది పదకొండుంపావు క్వింటాళ్ళు. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయల చొప్పున, సుమారు 26,650 రూపాయలు. విత్తనం, దమ్ము, ఊడ్పు, ఎరువు, కోత ఖర్చులన్నీ దీనికి పైన. సార్వా భూమి గలవారికి, దాళ్వా (రబీ) మనకు అని మా వైపు పెద్దలు అనేది ఈ లెక్కనుబట్టే. పంట పోయే ప్రమాదం మొత్తం సాగుదారు నెత్తిన ఉంటుందని, ఆ ప్రమాదానికి ప్రభుత్వం ఇచ్చే ఊరట మాత్రం కాగితంలో పేరున్నవారికి చేరుతుందని ముందుగా గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆ భయం సంగతి. భూమి గలవారి భయం గాలిలోంచి పుట్టింది కాదు, 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టంలోంచి పుట్టింది. కోస్తా జిల్లాలకు వర్తించిన ఆ చట్టం కౌలుకు కనీసం ఆరేళ్ళ గడువు పెట్టింది, మక్తాకు గరిష్ఠ పరిమితి విధించింది, కౌలుదారును తీసివేయాలంటే ప్రత్యేకాధికారి ముందు కేసు వేసి కారణం రుజువు చేయాలని చెప్పింది. 1974లో చేసి 1980 జూలై నుంచి అమలు చేసిన సవరణలు కౌలుదారు పట్టును ఇంకా బిగించాయి. భూమిని అమ్మదలచినవారు ముందుగా సాగుదారుకే కొనే అవకాశం ఇవ్వాలన్నారు. కాగితం మీద చూస్తే ఇది కౌలుదారుకు బలమైన చట్టమే. ఆచరణలో మాత్రం భూమి గలవారు రాతకోతలు పూర్తిగా మానేశారు, ఒకే మనిషి ఒకే చేలో ఏళ్ళ తరబడి ఉండకుండా మడులు మార్చడం మొదలుపెట్టారు. రక్షణ కోసం చేసిన చట్టానికి భయపడి కౌలు మొత్తం నోటిమాటలోకి వెళ్ళిపోయింది. నా దృష్టిలో డెల్టా కౌలు చరిత్రలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే, ఎందుకంటే ఆ చట్టం ఇచ్చిన హక్కును కోర్టులో అడగడానికి కావలసిన రుజువే ఆ చట్టం వల్ల లేకుండా పోయింది.

2011లో, అంటే కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సార్వాకు పంట విరామం ప్రకటించిన ఆ ఏడాదే, ప్రభుత్వం మరో దారి పట్టింది. అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి, కౌలు రైతులకు ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డులు ఇచ్చింది. ఇందులో భూమి గలవారి సంతకం తప్పనిసరి కాదు. దరఖాస్తు, ఊళ్ళో విచారణ, అభ్యంతరాల పరిశీలన తరువాత రెవెన్యూ అధికారులు కార్డు ఇచ్చేవారు. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టం స్పష్టంగా చెప్పినా, చాలా ఊళ్ళలో కార్డుకు పేరు రాయించుకుంటే వచ్చే ఏడాది కౌలు ఉండదన్న సంగతి అందరికీ తెలుసు. బ్యాంకులూ ఆ కార్డును చూసి పెద్దగా చెయ్యి చాచలేదు.

ప్రస్తుతం మనకు ముఖ్యమైనది 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం. ఇది 1956 చట్టాన్నీ, 2011 చట్టాన్నీ తొలగించి వాటి స్థానంలో వచ్చింది. దీని ప్రకారం భూమి గలవారూ, సాగుదారూ నిర్ణీత నమూనాలో పదకొండు నెలలకు ఒప్పందం రాసుకుంటారు. ఊరి రెవెన్యూ అధికారి సమక్షంలో ఇద్దరూ సంతకం చేస్తే సాగుదారుకు పంట సాగుదారు హక్కు పత్రం వస్తుంది. ఊళ్ళో దీన్ని సీసీఆర్‌సీ కార్డు అంటారు. ఈ చట్టం భూమిని, పంటను రెండుగా విడదీసింది: భూమి మీద హక్కు పూర్తిగా యజమానిదే, ఆ పదకొండు నెలల్లో పండిన పంట మీద హక్కు సాగుదారుది. పంట రుణం, పంట బీమా, విపత్తు సాయం, ధాన్యం అమ్మకం ఈ నాలుగూ పంటకు సంబంధించినవి కాబట్టి సాగుదారుకు దక్కాలని దాని ఉద్దేశం.  

ఇందులో ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2011 చట్టంలో అక్కరలేని యజమాని సంతకం 2019 చట్టంలో తప్పనిసరి అయింది. భయపడే మనిషి చేతిలోనే తాళం పెట్టినట్టయింది. సంతకం చేయనంటే సాగుదారుకు కార్డు లేదు, కార్డు లేకపోతే పైన చెప్పిన నాలుగూ కష్టమే. అందువల్ల భూమి గలవారికి నిజం చెప్పి ఒప్పించడం తప్ప ప్రస్తుతం దగ్గర దారి లేదు. ఆ నిజాన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

వారి మొదటి భయం పన్నెండేళ్ళది. ఒకరి భూమిని ఇంకొకరు పన్నెండేళ్ళు అనుభవిస్తే వాళ్ళదైపోతుందని ఊళ్ళో చెప్పుకుంటారు. 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఆ గడువు ఉన్నమాట నిజమే. కానీ అది యజమాని హక్కును కాదంటూ, బాహాటంగా, నాది అని చెప్పి అనుభవించేవారి విషయం. యజమాని అనుమతితో, మక్తా ఇస్తూ సాగు చేసేవారి అనుభవం పన్నెండేళ్ళు కాదు, యాభై ఏళ్ళు సాగినా అలాంటి హక్కుగా మారదు. పైగా, కౌలుకు దిగిన మనిషి ఆ కౌలులో ఉన్నంతకాలం యజమాని హక్కును కాదనడానికి వీల్లేదని సాక్ష్య చట్టం 116వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలో 122వ సెక్షన్ అదే చెబుతోంది. కాబట్టి సంతకం చేసిన కౌలు ఒప్పందం యజమానికే పెద్ద రుజువు. ఈ మనిషి నా భూమిలోకి నా అనుమతితో, కౌలుదారుగా వచ్చాడని అవతలివాడే ఒప్పుకున్న కాగితం అది. నోటిమాట కౌలులోనే, రేపు ఏదైనా తగాదా వస్తే, ఆ మనిషి ఏ హోదాలో చేలో ఉన్నాడో చెప్పే ఆధారం ఇద్దరికీ ఉండదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగంమంది సంతకం చేస్తారని నా నమ్మకం.

రెండో భయం 1956 చట్టం మళ్ళీ పట్టుకుంటుందేమోనని. ఆ చట్టం ఇప్పుడు లేదు, ఆరేళ్ళ కనీస గడువూ లేదు. అయితే పాత చట్టం కింద ఇప్పటికే కేసు నడుస్తున్నవారు ఈ వ్యాసం చదివి నిర్ణయం తీసుకోకుండా తమ న్యాయవాదినే అడగాలి.

మూడోది రుణం భయం, ఇది కొంత నిజమైనదే. యజమాని తన పట్టాదారు పాసుపుస్తకం మీద ఇప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, అదే చేలో అదే పంటకు బ్యాంకు రెండోసారి అప్పు ఇవ్వదు. సాగుదారు కార్డు పట్టుకుని వెళితే ఆ సర్వే నంబరు మీద అప్పు ఉందని తిప్పి పంపుతారు. సకాలంలో తీర్చేవారికి మూడు లక్షల వరకు నాలుగు శాతానికే పడే పంట రుణాన్ని సాగు చేయని యజమాని వాడుకుంటుంటే, సాగు చేసే మనిషి నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తున్నాడు. సాగుదారుకు ఇచ్చే రుణానికి యజమాని భూమి తాకట్టు కాదు, అప్పు తీర్చకపోతే భూమి జోలికి బ్యాంకు రాదు. ఈ మాట యజమానికి స్పష్టంగా చెప్పాలి. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం కూడా ఉంది. విడిగా ఇవ్వడానికి బ్యాంకు జంకితే నలుగురైదుగురు కౌలుదారులు ఉమ్మడి బాధ్యతా బృందంగా చేరి అడగవచ్చు. ఒప్పందం రాసే ముందే, ఈ ఏడు పంట రుణం ఎవరు తీసుకోవాలన్నది మాట్లాడుకుని తేల్చుకుంటే ఆగస్టులో బ్యాంకు మెట్ల మీద తగాదా ఉండదు.

కార్డు రాకపోయినా సాగుదారు వదులుకోకూడనిది ఈ-పంట నమోదు. రైతు సేవా కేంద్రంలో ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎన్ని ఎకరాలు, ఎవరు సాగు చేస్తున్నారు అని నమోదు చేసి, చేను చూసి, వేలిముద్ర తీసుకుంటారు. మద్దతు ధరకు ధాన్యం కొనేటప్పుడు డబ్బు పడేదీ, తుపాను నష్టానికి జాబితా తీసేదీ ఈ నమోదునుబట్టే. పెదనాన్న పోగొట్టుకున్నది సరిగ్గా ఇక్కడే: ఊడ్పులు అయిన వారంలో యజమాని తరఫు మనిషి వెళ్ళి ఆ పేరుతో రాయించి వచ్చాడు, పెదనాన్న అది చూసుకోలేదు. నమోదు తరువాత సామాజిక తనిఖీకి జాబితా బయట పెడతారు. ఆ జాబితాలో తన సర్వే నంబరు పక్కన ఎవరి పేరుందో సాగుదారు స్వయంగా చదువుకోవాలి, తప్పుంటే అప్పుడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. తుపాను వచ్చాక సరిచేయించడం దాదాపు అసాధ్యం. పంట బీమాకు కూడా కౌలుదారు అర్హుడే. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో రైతు వాటా ఖరీఫ్ ఆహార పంటలకు బీమా మొత్తంలో రెండు శాతం, రబీకి ఒకటిన్నర శాతం. పీఎం కిసాన్ ఏటా ఇచ్చే ఆరు వేలు మాత్రం భూమి ఉన్నవారికే. దాన్ని ఆశించి తిరగడం వృథా.

కాగితమే లేకుండా సాగు చేస్తున్నవారికి హక్కులే లేవా? ఉన్నాయి. పంట మధ్యలో యజమాని మనుషులను తెచ్చి చేలోంచి బయటకు పొమ్మంటే, అది చట్టవిరుద్ధం. గడువు తీరిన కౌలుదారునైనా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. బలవంతంగా వెళ్ళగొట్టబడినవారు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేస్తే, భూమి ఎవరిదన్న ప్రశ్న జోలికి పోకుండా, అనుభవం ఎవరిదో మాత్రమే చూసి కోర్టు తిరిగి ఇప్పించగలదు. ఆ ఆరు నెలలు దాటనీయకూడదు. ఇంకా వెళ్ళగొట్టక ముందే ప్రమాదం కనిపిస్తే అమలాపురమో, నరసాపురమో, భీమవరమో దగ్గరలో ఉన్న సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే వెళ్ళగొట్టకుండా ఆపే ఉత్తర్వు, అడగవచ్చు. చేలో ఎవరి పంట ఏ దశలో ఉందో చూసి రాయడానికి న్యాయవాది కమిషనరును పంపమని కూడా కోరవచ్చు.

దీనికి రుజువు కావాలి, అది ఎక్కడినుంచో రాదు, చిన్న చిన్న అలవాట్లలోంచి వస్తుంది. మక్తా డబ్బు చేతికివ్వకుండా ఫోన్‌పేలోనో, బ్యాంకులోనో పంపుతూ, కింద రాసే చోట "2025 సార్వా మక్తా, మూడెకరాలు" అని నాలుగు మాటలు రాస్తే అది కోర్టులో పనికివచ్చే ఆధారం. ధాన్యంగా ఇస్తే బస్తాల లెక్కతో ఒక చీటీ మీద సంతకం అడగాలి. ఎరువుల బిల్లు తన పేరున తీసుకోవాలి. కోత యంత్రానికి కట్టిన డబ్బుకూ ఇదే వర్తిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. మక్తా బాకీకి హామీగా ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టడం మా వైపు మామూలైపోయింది. స్టాంపు అంటించి సంతకం చేసిన ఖాళీ నోటును పట్టుకున్నవారు నింపుకోవడానికి 1881 నాటి వినిమయ పత్రాల చట్టం 20వ సెక్షన్ అవకాశం ఇస్తుంది. దాని మీద డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది, ముట్టలేదని రుజువు చేయవలసింది సంతకం చేసిన మనిషి. కాబట్టి అంకె, తేదీ, ఎందుకోసమో రాయకుండా సంతకం పెట్టకూడదు, బాకీ తీరిన రోజున నోటు వెనక్కి తీసుకోవాలి. నోటు మీద దావాకు గడువు మూడేళ్ళు. మధ్యలో కొంత కట్టినట్టు రాసి సంతకం పెడితే ఆ రోజునుంచి మళ్ళీ మూడేళ్ళు. బాకీ కట్టాలని కోర్టు తీర్పు (డిక్రీ) వచ్చినా భయపడి అన్నీ అప్పగించనక్కరలేదు: సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం వ్యవసాయదారుడి పనిముట్లను, బతుకుతెరువుకు అవసరమైన పశువులను, విత్తన ధాన్యాన్ని, అతను ఉంటున్న సొంత ఇంటిని జప్తు చేయడానికి వీల్లేదు. చీకటి పడ్డాక మనుషులను పంపి ఎడ్లను తోలుకుపోవడానికి ఏ నోటూ అధికారం ఇవ్వదు.

కౌలుకు తీసుకునే ముందు భూమి రకం చూసుకోవాలి. డి-పట్టా ఇచ్చిన అసైన్డ్ భూమిని, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని, కౌలుకు ఇవ్వడం కూడా 1977 చట్టం దృష్టిలో బదిలీయే, కాబట్టి ఆ ఒప్పందం నిలవకపోవచ్చు. దేవాలయ భూముల కౌలు 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం, ఎక్కువగా వేలంలో, నడుస్తుంది. పాట పాడినవారి దగ్గర మళ్ళీ చాటుగా తీసుకుని చేసేవారికి ఆలయం దృష్టిలో ఏ హోదా ఉండదు.

న్యాయవాదికి ఇవ్వడానికి డబ్బు లేదని ఆగిపోయేవారు చాలామంది ఉన్నారు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలందరికీ, షెడ్యూల్డు కులాలు, తెగల వారికీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. తుపాను, వరద బాధితులకూ, ఆదాయ పరిమితి లోపు ఉన్న మిగతావారికీ ఇస్తారు. తుపానులో పంట మునిగిన కౌలుదారు ఈ మాట గట్టిగా చెప్పి అడగవచ్చు. ప్రతి కోర్టు ఆవరణలోనూ మండల న్యాయ సేవా సంఘం ఉంటుంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మక్తా బాకీల్లాంటి తగాదాలను లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అయితే ఆ అవార్డుపై అప్పీలు లేదు కాబట్టి, చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి.

ఒప్పందం ఏ నెలలో రాయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ డెల్టాలో అదే ముఖ్యం. జూన్ 1న మొదలైతే పదకొండు నెలలు ఏప్రిల్ 30కి ముగుస్తాయి; సార్వా నారుమడి నుంచి దాళ్వా నూర్పిడి వరకు రెండు పంటలూ అందులో ఇమిడిపోతాయి, కాలువలు కట్టేసే మే నెల మళ్ళీ మాట్లాడుకోవడానికి మిగులుతుంది. ఆగస్టులో రాస్తే సార్వా ఊడ్పుల అప్పు అప్పటికే బయట తెచ్చి ఉంటారు.

పోయిన మే నెలలో నేను పెదనాన్నతో కలిసి హైదరాబాదు వెళ్ళాను. సాక్ష్య చట్టం సంగతి విని యజమాని కొంతసేపు మాట్లాడలేదు. తరువాత కళ్ళజోడు పెట్టుకుని నమూనా మొత్తం రెండుసార్లు చదివి, "ఇందులో భూమి నాదేనని వీడే రాసిస్తున్నాడన్నమాట" అన్నారు. అవునండీ అన్నాను. ఊరికి వచ్చే వారం వస్తానని, సంతకం అక్కడే రెవెన్యూ అధికారి ముందు పెడతానని చెప్పి, పంట రుణం ఈ ఏడు తాను తీసుకోనని కూడా తనంతట తానే అన్నారు. వచ్చారు, పెట్టారు. ఆ కాగితం నకలును పెదనాన్న మక్తా లెక్కలు రాసుకునే పాత స్కూలు నోటుపుస్తకంలో, 2023 సార్వా అని రాసి ఖాళీగా వదిలేసిన పేజీ మీద, మెతుకులతో అంటించుకున్నారు.